గది నడుమ ఎనిమిది రెక్కల పువ్వు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేకపోవడమే కాదు, దయ్యాన్ని అడ్డం పెట్టుకుని జనాన్ని ఏడిపించిన చరిత్ర నాది. పాత మిద్దెల్లో పనికి పోయినప్పుడు మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళ చెవి పక్కన ఖాళీ సీసా ఊదేవాణ్ణి. ఒకసారి ఒక మేస్త్రీ ఆ దెబ్బకు చెప్పులు వదిలేసి బస్టాండు దాకా పరుగెత్తాడు. చెప్పులు నాకు సరిపోయాయి. రెండేళ్ళు తొడుక్కున్నాను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, రాసేవాడు పిరికివాడు, ఏదో చూసి ఏదో అనుకున్నాడని మీరు మొదట్లోనే పక్కన పెట్టేయకూడదని. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కల సారు, నేను ఒకరినొకరు భరించలేక విడిపోయాం. కానీ కొలతల్లో నన్ను తప్పు పట్టినవాడు ఇంతవరకూ లేడు. అందుకే జరిగింది జరిగినట్టు, కొలతలతో సహా రాస్తున్నాను.

నా పేరు దస్తగిరి. మాది నందికొట్కూరు. నేను, నా భార్య తమ్ముడు ఖాజా కలిసి ఇళ్ళల్లో బండలు పరుస్తాం. ఖాజాకు నలభై దాటాయి. నాకంటే బలం ఎక్కువ, మాట తక్కువ. మా ఇంట్లో అందరూ నాకంటే తక్కువే మాట్లాడతారు. వాళ్ళకు సందు దొరకదు.

సునీత అనే అమ్మాయిది మా ఊరే. వాళ్ళ అమ్మ ఇంట్లో బండలు నేనే వేశాను. ఆ అమ్మాయిని మైదుకూరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. భర్త శివ తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమెకు రెండు కాన్పులు పోయాయి. ఒకటి ఐదో నెలలో, ఇంకొకటి ఏడో నెలలో. మూడోసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నెలల తరబడి అత్తగారింట్లో ఒక గదిలో పడుకుని సున్నం వేసిన పైకప్పు చూస్తూ గడిపింది. ఏడో నెలలో ఇంట్లోనే చిన్నగా సీమంతం చేసి, కాన్పుకు పుట్టింటికి పంపారు. ఈసారి ఆడబిడ్డ. క్షేమం.

బిడ్డకు మూడో నెల వచ్చాక ఆమె నాకు ఫోను చేసింది. పడుకుని ఉన్నన్నాళ్ళూ ఆ గదిని మనసులో విప్పి మళ్ళీ కట్టుకుందట. సెల్లులో ఎన్నో బొమ్మలు చూసి చివరికి తనే కాగితం మీద గీసుకుంది. నేలంతా కడప నల్లబండ, పాలమీగడ రంగు బేతంచెర్ల బండ కలిపి పెద్ద పెద్ద డైమండ్లు. గది నడిమధ్య నాలుగడుగుల వెడల్పున ఎనిమిది రెక్కల పువ్వు. సరిగ్గా దాని పైన దూలానికి కొక్కెం, కొక్కేనికి ఉయ్యాల. ఒక గోడకు ముదురు నీలం, దాని మీద చెయ్యంత పొడుగు ఆకులు. మంచం గోడకు ఆనించకుండా మూలకు ఏటవాలుగా. ఉయ్యాల చుట్టూ అటూ ఇటూ తిరగడానికి ఖాళీ. గదిలో ఏది చూసినా చూపు పువ్వు దగ్గరికే రావాలి.

"అన్నా, ఆ తెల్ల గదిలో రెండుసార్లు ఏడ్సినా. మూడోసారి ఆడ నా బిడ్డ నవ్వల్ల. గది మొత్తం మారిపోవల్ల," అంది.

ఉయ్యాల్లో వేసే రోజు పెట్టుకున్నారు. మాకు ఎనిమిది రోజులే ఉన్నాయి.

మేము పోయేసరికి అత్త నాగమ్మ సునీత గీసిన కాగితాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తోంది. నాగమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఆమె, కొడుకు శివ, ఎనభై ఏళ్ళ మామ. ఆయన్ను ఊరంతా పెద్దాయన అంటారు.

"ఏమప్పా దస్తగిరీ, ఇది ఇల్లా పులితోలా? బిడ్డ కండ్లు తెరిసి దడుసుకుంటే ఎవురు సమాధానం చెప్పేది? నలుపు ఎవురన్నా బిడ్డ గదిలో ఏస్తారా?"

నా ఫోనులో స్పీకరు మీద ఉన్న సునీత అందుకుంది. "అత్తా, నువ్వు బిడ్డకు పెట్టే దిష్టి సుక్క ఎర్రగుంటాదా? పసిపిల్లల కంటికి మొదుట నలుపూ తెలుపే అగపడతాయని డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ ఇల్లు చూసినావా, నల్లగుండాదేమో!" అని నాగమ్మ లేచిపోయింది. కానీ వద్దనలేదు. రెండు కాన్పుల తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయిని ఏదీ వద్దనడం లేదు.

గది కొలతలు చెప్తాను. పొడవు పదహారు అడుగులు, వెడల్పు పద్నాలుగు. వీధి వైపు ఒక వాకిలి, పెరటి వైపు ఒక వాకిలి, ఎదురెదురుగా. ఆ ఇంట్లో ఎవరు పెరట్లోకి పోవాలన్నా ఆ గది నడిమి నుంచే పోవాలి. నేల మీద పాత బండలు. వాటిని తవ్వి తీసే సమయం లేదు, వాటి మీదే కొత్తవి పరచాలనుకున్నాం. అలా పరిచేముందు పాతవి ఒక్కొక్కటీ సుత్తితో తట్టి చూడాలి. కింద డొల్ల ఉంటే మోత మారుతుంది. మొదటి రోజు పొద్దున గదంతా తట్టి చూశాను. తట్టాననే అనుకున్నాను.

మొదటి వింత ఆ రోజే జరిగింది. అది వింత అని అప్పుడు తెలియలేదు.

ఇలాంటి బొమ్మ వేసేటప్పుడు నాలుగు మూలల నుంచి దారాలు కట్టి, అవి కలిసే చోట నడిమి గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి బయటికి పరుచుకుంటూ పోవాలి. అలా అయితేనే నాలుగు గోడల దగ్గరా ముక్కలు సమానంగా తెగుతాయి. ఇరవై ఏళ్ళుగా నేను చేసేది అదే. ఆ రోజు దారాలు కట్టాను, తిరిగి చూసుకుంటే వీధి వాకిలి దగ్గర కూర్చుని మొదటి వరస సిమెంటు మాలు లేకుండా పేర్చి చూస్తున్నాను.

ఖాజా బండ మోసుకొచ్చి నా నెత్తిన నిలబడ్డాడు. "ఏం బావా, ఎప్పుడూ నడుమ నుంచి కదా? ఇప్పుడేంది వాకిట్లో కూసున్నావు, బిచ్చమడుక్కుంటాండావా?"

"గాలి వస్తాందిరా ఈడ," అన్నాను. నిజానికి ఎందుకు కూర్చున్నానో నాకూ తెలియలేదు. నడుమకు పోవాలని అనిపించలేదు, అంతే. పేర్చినవి తీసేసి, బండలు కోసే పని ముందు చేద్దామని పెరట్లోకి నడిచాను.

రెండో రోజు, మూడో రోజు పొద్దున పెరట్లో కోత. నల్లబండ కోస్తే బూడిద రంగు పొడి లేస్తుంది. గాలి పెరటి వైపు నుంచి గదిలోకి. మూడో రోజు మధ్యాహ్నానికి గది నేలంతా సన్నటి పొడి, పిండి జల్లెడ పట్టినట్టు.

అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ వీధి వాకిట్లో నిలబడ్డాను. పొద్దు ఏటవాలుగా పడుతోంది. పొడిలో అడుగులన్నీ అచ్చు గుద్దినట్టు కనిపించాయి.

నాగమ్మ వెడల్పాటి వట్టి పాదాలు. పెద్దాయన అడుగులు, పక్కన చేతికర్ర చుక్కలు. ఖాజా హవాయి చెప్పులు. నా చెప్పులు. దూలానికి కొక్కెం బిగించడానికి ఆ పొద్దున మైదుకూరు నుంచి వచ్చిన కరెంటు పనివాడి బూట్ల గళ్ళు. ఒక కోడి, దాని పిల్లలు.

ఈ వాకిలి నుంచి ఆ వాకిలికి తిన్నగా గీత గీస్తే పదహారు అడుగులు. ఎవరి అడుగులూ తిన్నగా పోలేదు. అన్నీ గది నడుమకు వచ్చేసరికి పక్కకు ఒంగి, సగం చుట్టు తిరిగి, మళ్ళీ దారిలో పడ్డాయి. కొందరివి ఎడమకు, కొందరివి కుడికి. నడుమ మూడడుగుల మేర పొడి అలాగే ఉంది. ఒక్క గుర్తు లేదు. కొక్కెం కోసం వేసిన నిచ్చెన కాళ్ళు కూడా ఆ మేరకు బయటే ఆనాయి. కోడి కూడా తిరిగే పోయింది. పిల్లలు రెండు పాయలై, అవతల మళ్ళీ కలిశాయి.

నా అడుగులు కూడా. అది చూశాకే చేతిలో తుండుగుడ్డ ఆగిపోయింది. పొద్దున్నుంచి ముప్పైసార్లు ఆ గది దాటి ఉంటాను. ఒక్కసారీ పక్కకు జరిగినట్టు నాకు గుర్తు లేదు.

ఏదైనా మిట్ట ఉందేమో, కాలికి తెలుస్తోందేమో అనుకున్నాను. పొడవాటి అల్యూమినియం బద్ద దూరం నుంచే తోసి, మీద రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమధ్య నిలబడింది. అటు తిప్పి పెట్టాను, ఇటు తిప్పి పెట్టాను. నేల అద్దంలా సమంగా ఉంది. ఆ బద్దతోనే గట్టిగా ఒక్కటి కొట్టి ఉంటే అన్నీ అప్పుడే తెలిసిపోయేవి. కొట్టలేదు. కొట్టాలని తోచలేదు.

సరే, నా బుద్ధి తెలుసు కదా, ఆట పట్టించాలనిపించింది. నాగమ్మను మంచినీళ్ళు తెమ్మన్నాను. పెరటి వాకిలి నుంచి చెంబుతో వచ్చింది, నడుమ దగ్గర చక్కగా పక్కకు తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, తిన్నగా రాకుండా ఎందుకు చుట్టూ తిరిగినావు?"

"యాడ తిరిగినా? తిన్నగానే వచ్చినా కదప్పా. ఎండ కొట్టిందా నీకు?" అంది. వెనక తన అడుగులే ఉన్నాయి. చూపించలేదు. ఆమె ముఖంలో అబద్ధం లేదు.

ఖాజాకు చూపించాను. వాడు నవ్వి, ఇదెంత పని అని పెరటి వాకిలి నుంచి నడిచాడు. పక్కకు తిరిగాడు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ తిరిగాడు. మూడోసారి కళ్ళు మూసుకుని వేగంగా వచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను. వాడి కుడికాలు నడుమ మీదికి లేచింది, గాల్లో ఆగలేదు, తడబడలేదు, మెత్తగా పక్కన పడింది. వాడు వచ్చి నా ముందు నిలబడి కళ్ళు తెరిచి, "చూసినావా, ఏమీ లేదు," అన్నాడు. వెనక్కి తిరిగి అడుగులు చూసుకున్నాక నవ్వు పోయింది.

తర్వాత నేను. భయం వేయలేదని నిజంగా చెప్తున్నాను. ఎవరూ పట్టుకోలేదు, తోయలేదు. వీధిలో ఎదురుగా ఆవు వస్తే ఆలోచించకుండా జరుగుతాం కదా, సరిగ్గా అలాగే. తిన్నగా అడుగు వేయాలనుకుని వేస్తాను, చూస్తే కాలు అరడుగు పక్కన ఉంటుంది. నాలుగుసార్లు వేశాను. ఐదోసారికి వెన్ను తడిసింది.

ఆ పొద్దు ఇద్దరం ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. దయ్యం కాదు మా బాధ. రెండు కాన్పులు పోయిన ఇల్లు అది. గది నడుమ ఏదో ఉందని ఒక్క మాట బయటికి వస్తే, నాగమ్మ ఆ గదికి తాళం వేస్తుంది, ఊరు ఆ అమ్మాయి గురించి ఏం కూయాలో అది కూస్తుంది. ఉయ్యాల ఆగిపోతుంది. ఆమె అడిగింది ఒక్క గది.

సాయంత్రం సునీత వీడియోలో వచ్చింది. "అన్నా, పువ్వు మొదులుపెట్టినారా?"

"రేకులు కోసినామమ్మా. బంగారం లాగ వచ్చినాయి," అన్నాను. అది నిజమే. మిగతాది చెప్పలేదు.

నాలుగో రోజు నుంచి గోడల వైపు నుంచి నడుమకు పరుచుకుంటూ వచ్చాం. అంటే తలకిందులు పని. ఐదో రోజుకు పువ్వు ఒక్కటే మిగిలింది. మామూలుగా మేస్త్రీ నడుమ కూర్చుని పువ్వు పేర్చి వెనక్కి జరుగుతాడు. నేను చుట్టూ చెక్కపలకలు వేసుకుని, వాటి మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి మాలు వేశాను. ఒక్కో రెక్కా చెయ్యి చాపే పెట్టాను. చెయ్యి నడుమకు పోయింది. కాలే పోలేదు. నా మోకాలు ఒక్కసారి కూడా ఆ మూడడుగుల్లో ఆనలేదు. తడి మాలు మీద బండను ఎంత తట్టినా కింద ఏముందో చెప్పదు.

పూర్తయ్యాక లేచి చూస్తే, నా చేతి పనిని నేనే మెచ్చుకునేలా వచ్చింది. నల్లటి రెక్కలు నీలం గోడ వెలుగులో మెరుస్తున్నాయి. నాగమ్మ కూడా వాకిట్లో నిలబడి, "పులితోలే, కానీ మంచి పులి," అంది.

ఆరో రోజు మాలు ఆరింది. ఇక నడవొచ్చని అందరికీ చెప్పాను. చెప్పి, అరుగు మీద కూర్చుని పొద్దంతా లెక్కపెట్టాను. నలభై ఒక్కసార్లు మనుషులు ఆ గది దాటారు. పాలామె, గోడకు ఆకులు వేసిన పెయింటరు, చుట్టుపక్కల ఆడవాళ్ళు. పువ్వు మీద ఒక్క కాలు పడలేదు. అందరూ పువ్వు చూసి మెచ్చుకున్నారు, అందరూ చుట్టూ తిరిగే పోయారు. అందంగా ఉంది కాబట్టి తొక్కడం లేదని ఎవరైనా అనుకుంటారు. నేను ఖాజా ముఖం చూశాను, వాడు నా ముఖం చూశాడు.

ఏడో రోజు పదకొండు గంటలకు సునీత బిడ్డతో దిగింది. శివ గనికి సెలవు పెట్టి తీసుకొచ్చాడు. నాగమ్మ ఎర్రనీళ్ళు దిష్టి తీసి లోపలికి పిలిచింది. సునీత బిడ్డను ఎత్తుకుని గది వాకిట్లో ఆగింది. నేల చూసింది, గోడ చూసింది, మళ్ళీ నేల చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. అంతగా సంతోషపడిన మనిషిని నేను నా పనిలో ఎప్పుడూ చూడలేదు.

"నడుమ నిలబడి బిడ్డకు కొక్కెం సూపిస్తా," అని నడిచింది.

నేను అరవబోయి ఆగాను. ఏమని అరవాలి?

అందరిలా ఆమె తెలియకుండా తిరిగిపోలేదు. ఆమెకు నడుమకే పోవాలని ఉంది. పువ్వు అంచు దగ్గర ఆగింది. కాలు ఎత్తింది, పక్కన పెట్టింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పక్కన. పువ్వు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనకున్నవాళ్ళు ముచ్చట పడుతున్నారు, కోడలు ముగ్గు చుట్టూ ఆడుతోందని. నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో నెత్తురు లేదు.

నీళ్ళు కావాలన్నట్టు నా పక్కకు వచ్చి, పెదవి కదలకుండా అంది. "అన్నా, నా కాళ్ళు పోవడంల్యా. నేను పోగూడదేమో ఆడికి. ఎవురితో చెప్పొద్దు. బిడ్డను అత్త చేతే ఉయ్యాల్లో ఏయిస్తా. నేను వాకిట్లోనే ఉంటా."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రెండు కాన్పులు పోయిన తనలోనే లోపం ఉందని అనుకుంటోంది. ఆమె కోసం వేసిన గదిలోకి ఆమే రానంటోంది. ఇక దాచడానికి ఏమీ లేదు.

"నీ ఒక్కదానివే కాదమ్మా. ఎవరివీ పోవడంల్యా. నావి కూడా. ఐదు దినాలాయ," అని జరిగిందంతా చెప్పేశాను. గది అంతా విన్నది. శివ నవ్వబోయి, నడిచి చూశాడు. నవ్వు ఆపేశాడు. నాగమ్మ గోడ పట్టుకుని కూర్చుంది.

నేను పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చాను.

"ఏం చేస్తాండావప్పా! రేపు ఉయ్యాల!" అని నాగమ్మ అడ్డం వచ్చింది. "ఊరంతా పిలిచినాం! పగలగొడితే అపశకునం కాదా?"

"అక్కా, రేపు ఈ పువ్వు చుట్టూ ఎంతమంది నిలబడతారు?"

"ఇరవై మంది."

"కొందరు తోసుకుని నడుమకు వస్తారు కదా. కింద ఏముందో చూసినాకే రానీ."

సునీత బిడ్డను గుండెకు అదుముకుని అంది. "కొట్టన్నా."

పువ్వు అంచు బయట నిలబడి, నా పువ్వును నేనే కొట్టాను. మొదటి దెబ్బకు రెక్క చిట్లింది. నాలుగు దెబ్బలకు నడిమి బండ లేచింది, కింద మాలు, దాని కింద పాత బండ. ఐదో దెబ్బకు పాత బండ పగిలింది. గడ్డపార నా చేతుల్లోంచి జారింది. జారి, కిందికి పోయింది. మొత్తం. ఐదడుగుల గడ్డపార, పైన ఒక్క అంగుళం కూడా మిగలకుండా. అది అడుగున పడిన చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

మెల్లగా చుట్టూ ఉన్నవి తీశాం. పాతర. పాతకాలంలో జొన్నలు, కొర్రలు దాచుకునే గొయ్యి. పైన రెండున్నర అడుగుల మూతి, లోపల కుండలా వెడల్పయి దిగిపోతుంది. పాత నేల బండ కింద, మూతి మీద కప్పిన బండ నడిమికి రెండుగా విరిగి ఉంది. రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనుకుని, అంచుల మీద వేలెడంత మేర పట్టుకుని ఉన్నాయి. విరుగుడు ఆనాటిది కాదు, అంచులకు దుమ్ము పట్టి ఉంది. నా గడ్డపార విరిచింది కాదు, ఆ విరుగుడు సందులోంచి జారిందంతే. దాని మీద నేను ఇంకో బరువు పెట్టాను. పువ్వు.

ఖాజా బోర్లా పడుకుని లోపలికి తొంగి చూశాడు. మా రాయలసీమ మనిషికి నేలలో గొయ్యి కనిపిస్తే ముందు తోచేది ఒకటే.

"బావా, లంకెబిందెలు ఉంటాయి! తాడు కట్టు, దిగుతా," అని అప్పటికే కాళ్ళు లోపల పెట్టాడు. విచిత్రం, ఇప్పుడు కాళ్ళు ఏమీ పక్కకు పోలేదు.

శివ వాడి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. "దిగద్దు! ముందు దీపం దింపల్ల. మూసిపెట్టిన గుంతలో గాలి సచ్చిపోయుంటాది. గనిలో మాకు మొదుట నేర్పేది అదే."

బొక్కెనలో దీపం పెట్టి తాడుతో దింపాడు. మనిషి లోతు పోయేసరికి దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపాడు. మళ్ళీ అక్కడే ఆరింది. మూడోసారి కూడా. ఖాజా గొయ్యికి దూరంగా జరిగి గోడకు ఆనుకున్నాడు. మేము తాడు కొలిచాం. పద్నాలుగు అడుగులు. టార్చి వేసి చూస్తే అడుగున నా గడ్డపార తప్ప ఏమీ లేదు. ఊడ్చిపెట్టినట్టు ఖాళీ.

ఆ మధ్యాహ్నమే రెండు ట్రాక్టర్ల మొరుసు మట్టి తెప్పించి నింపాం, నీళ్ళు కొట్టి దిమ్మిసతో గట్టిపరిచాం. పైన కొత్త బండ, మాలు. పువ్వుకు సమయం లేదు. మచ్చలా ఉన్న చోట జంపఖానా పరిచారు.

మర్నాడు పొద్దున ఉయ్యాల కట్టారు. సునీత బిడ్డను తన చేతులతోనే వేసింది, గది నడిమధ్య నిలబడి. ఇరవై మంది అన్నారు, ముప్పై మంది వచ్చారు. తోసుకున్నారు, పాడారు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కారు. నేను వాకిట్లో నిలబడి ముఖాలు కాదు, కాళ్ళే చూశాను. ఒక్క కాలు పక్కకు తిరగలేదు.

ఇక దీనికి కారణాలు నేనూ వెతికాను. డొల్ల నేల కాలికి తెలుస్తుందని ఒక ఇంజనీరు చెప్పాడు. తెలిస్తే సుత్తి పట్టుకున్న నా చేతికి తెలియాలి. గదంతా తట్టాననుకున్న నేను ఆ ఒక్క చోట తట్టలేదు. కాపాడింది ఏదైతే ఉందో, దాచింది కూడా అదే కదా.

ఆ ఇంటివాళ్ళకు అలవాటు ఉందేమో, తాతల నాటి నుంచి కాళ్ళు అలా తిరగడం నేర్చుకున్నాయేమో అని ఖాజా అన్నాడు. అయితే కరెంటు పనివాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? అదీగాక పెద్దాయనను అడిగాం.

"నేను ఈ ఇంట్లోనే పుట్టినా. ఈడ పాతర ఉండాదని మా నాయన ఒక్కనాడు చెప్పల్యా. మా మంచాలు ఆ నడుమనే ఏసుకునేటోళ్ళం," అన్నాడు ఆయన.

తర్వాత శివ తన ఫోనులో సీమంతం వీడియో తీసి చూపించాడు. అప్పటికి ఐదు నెలల కిందటిది. అదే గది, పాత నేల. ఆడవాళ్ళు అటూ ఇటూ తిన్నగా నడుస్తున్నారు. ఎవరూ తిరగడం లేదు. కుర్చీలో సునీత కూర్చుని ఉంది, చేతుల నిండా గాజులు. ఆ కుర్చీ సరిగ్గా ఆ కొక్కెం కింద, ఆ చోటే. శివ వీడియో అక్కడ ఆపి ఫోను బోర్లా పెట్టేశాడు.

అంటే కాళ్ళు తిరగడం ఆ తర్వాత ఎప్పుడో మొదలైంది. కింద బండ విరిగినప్పటి నుంచి అనుకుందాం. విరిగిందని ఎవరికి తెలిసింది? ఎవరు మా కాళ్ళకు చెప్పారు? నా దగ్గర కొలతలన్నీ ఉన్నాయి, ఇది ఒక్కటి లేదు.

నెల తర్వాత మళ్ళీ పోయి పువ్వు వేసి వచ్చాను. ఈసారి నడుమ కూర్చునే వేశాను. పని అయ్యాక సునీత టీ తెచ్చి ఇచ్చి, ఉయ్యాల ఊపుతూ కూర్చుంది. నేను ఏదో నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు.

"ఏదో ఒకటి మనల్ని పక్కకు తిప్పింది కదన్నా, నా బిడ్డ కోసరం," అంది. "మరి మొదుటి ఇద్దరప్పుడు అది యాడికి పోయింది?"

ఆ రోజు టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.